పది గంటలకు ముందు, పది గంటల తర్వాత

పండక్కైనా, సెమిస్టర్ సెలవులకైనా మనలో చాలామంది ఊరికి వెళ్లేది స్లీపర్ క్లాసులోనే. విశాఖపట్నంలో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దించే గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974లో మొదలైంది. అంటే ఆ బండిలో మన తాతలు వెళ్లారు, అమ్మానాన్నలు వెళ్లారు, ఇప్పుడు మనం వెళ్తున్నాం. ముక్కూ మొహం తెలియని ఏడుగురితో కలిసి ఒక రాత్రి నిద్రపోవడం మనకి ఎంత అలవాటైపోయిందంటే, అదెలా కుదురుతోందో ఎప్పుడూ ఆలోచించం. ఈసారి దాన్నే పాఠంగా తీసుకుందాం.

పెట్టె లెక్క

ముందు తేలికైన లెక్క. స్లీపర్ పెట్టెలో ఒక్కో గదికి ఎనిమిది బెర్తులు. పాత నీలం రంగు ఐసీఎఫ్ పెట్టెలో తొమ్మిది గదులు, 72 బెర్తులు. ఎర్ర రంగు ఎల్‌హెచ్‌బీ పెట్టెలో పది గదులు, 80 బెర్తులు. మీ నంబరును 8తో భాగించండి. శేషం 1 లేదా 4 వస్తే లోయర్, 2 లేదా 5 వస్తే మిడిల్, 3 లేదా 6 వస్తే అప్పర్. 7 వస్తే సైడ్ లోయర్, ఏమీ మిగలకపోతే సైడ్ అప్పర్. 43 వచ్చిందంటే శేషం 3, అప్పర్. 63 అంటే శేషం 7, సైడ్ లోయర్. టికెట్ చేతికి రాగానే "ఏ బెర్త్‌రా?" అని అడిగే ఫ్రెండ్‌కి ఇక యాప్ చూడకుండానే చెప్పొచ్చు.

ఇంకో సంగతి. మనం పడుకునే ఆ మెత్త కూడా మొదట్నుంచీ లేదు. ఒకప్పుడు సెకండ్ క్లాస్ బెర్తులు ఉత్త చెక్కలే. 1977 నుంచి 1979 వరకు రైల్వే మంత్రిగా ఉన్న మధు దండవతే హయాంలో వాటి మీద రెండంగుళాల ఫోమ్ వేయడం మొదలైంది. తక్కువ టికెట్ కొన్నవాడికీ నడుం ఉంటుందని గుర్తించిన నిర్ణయం అది.

అసలు చిక్కు మిడిల్ బెర్త్

స్లీపర్ గదికి రెండు రూపాలున్నాయి. పగటి రూపంలో మిడిల్ బెర్త్ కిందకి వాలి ఉంటుంది. అదే వెనక ఆనుకునే పలక, లోయర్ బెర్త్ ముగ్గురు కూర్చునే సీటు. రాత్రి రూపంలో మిడిల్ బెర్త్ పైకి లేచి గొలుసులకు తగులుకుంటుంది. అప్పుడు లోయర్ మీద నిటారుగా కూర్చోవడానికి తల పట్టదు. ఇక అందరూ పడుకోవాల్సిందే.

మనవాళ్లకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే ఇది రెండే స్టేట్‌లు ఉన్న మెషిన్. చిక్కేమిటంటే ఒక్కరి కోసం స్టేట్ మార్చినా అది ముగ్గురికీ మారిపోతుంది. ఎనిమిదిన్నరకే నిద్రొచ్చి మిడిల్ బెర్త్ ఆయన బెర్త్ ఎత్తేస్తే, కింద తింటున్నవాళ్లు పులిహోర డబ్బాతో సహా వంగిపోవాలి. లోయర్ ఆవిడ కాళ్లు చాపుకుందామంటే మిగతా ఇద్దరూ ఎక్కడ కూర్చోవాలి? "లోయర్ నాది" అనే మాట పగటిపూట సగమే నిజం. ఆ బెర్త్ ఆవిడది, ఆ సీటు ముగ్గురిది.

అందుకే రైల్వే ఒక గీత గీసింది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పడుకునే సమయం. ఇంతకుముందు అది తొమ్మిదికే మొదలయ్యేది. 2017లో పదికి మార్చారు. ఆ ఎనిమిది గంటల్లో మిడిల్ బెర్త్ ఆయన బెర్త్ ఎత్తుకుంటానంటే కాదనడానికి లేదు. సైడ్ అప్పర్ వాళ్లు కింద సైడ్ లోయర్ మీద కూర్చుంటామని అడగడానికీ లేదు. మిగతా వేళల్లో కూర్చునేవాళ్లకి చోటివ్వాలి. అయితే ఒంట్లో బాగోలేనివాళ్లు, దివ్యాంగులు, గర్భిణులు ఇంకాసేపు పడుకోవాల్సి వస్తే సహకరించమని కూడా అదే ఆదేశంలో ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. రూలు చెప్పింది ఎనిమిది గంటల గురించే. సాయంత్రం ఎక్కింది మొదలు పది దాకా, పొద్దున్న ఆరు నుంచి దిగే దాకా నడిచేది రూలుతో కాదు, మాటతో.

"కొంచెం సర్దుకోండి"

ఆ మాట ఇదే. సామాన్లు సర్దుకోవడం, జరిగి చోటివ్వడం, మనసు సమాధానపరుచుకోవడం, ఈ మూడింటికీ తెలుగులో ఒకటే క్రియ. రైల్లో మూడూ ఒకేసారి జరుగుతాయి కూడా.

కానీ "సర్దుకోండి" అన్న ప్రతి మాటా ఒకటి కాదు. బెర్త్ మార్చుకోమని మనల్ని అడిగే తీరు చూడండి.

మొదటిది: "బాబూ, నాకు అప్పర్ వచ్చింది. మోకాళ్లు ఎక్కనివ్వట్లేదు. కొంచెం మార్చుకుంటావా నాన్నా?" ఇది ప్రశ్న. కారణం చెప్పారు, జవాబు మనకి వదిలేశారు.

రెండోది: "కుర్రాళ్లు, మీకేముంది, ఎక్కడైనా పడుకుంటారు." ఇందులో అడగడమే లేదు. మెచ్చుకున్నట్టే ఉంటుంది కానీ నిర్ణయం అయిపోయింది.

మూడోది: మనం వచ్చేసరికే మన బెర్త్ మీద దుప్పటి పరిచి ఉంటుంది. "మా ఫ్యామిలీ అంతా ఒక్కచోట ఉండాలండీ. మీది ఎస్ ఏడులో ఉంది, వెళ్లండి." ఇది ఆజ్ఞ. చివర్లో "అండీ" ఉన్నా ఆజ్ఞే.

మొదటిదానికి వీలైతే "పర్లేదండీ, మీరు కింద పడుకోండి" అనడం మన వయసుకి పెద్ద కష్టం కాదు. పెద్దవాళ్లకీ, 45 దాటిన స్త్రీలకీ వీలున్నంత వరకు లోయర్ ఇచ్చే ఏర్పాటు బుకింగ్‌లోనే ఉంది. కానీ రద్దీలో అందరికీ దక్కదు. కంప్యూటర్ ఇవ్వలేకపోయినది మనం ఇవ్వొచ్చు. మార్చుకున్నాక టీటీఈకి ఒక మాట చెప్పండి, రాత్రి లేపకుండా ఉంటారు.

రెండో, మూడో రకానికి "లేదండీ, నేను నా బెర్త్‌లోనే ఉంటాను" అంటే చాలు. ముఖ్యంగా అమ్మాయిలకి ఇది చెప్పాలి. అప్పర్ బెర్త్ అయితే దారిన పోయేవాళ్ల చెయ్యి తగలదని ఏరికోరి తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎందుకు మారనంటున్నారో వివరించాల్సిన పనిలేదు. ఒక్కదాన్నే వెళ్తున్నానని చెప్పాల్సిన అవసరం అసలే లేదు. సర్దుకోవడం మంచి గుణమే, కానీ అది ఎప్పుడూ నోరు లేనివాళ్ల వంతే అయితే దాన్ని మంచితనం అనలేం.

సగం బెర్త్, పూర్తి టికెట్

ఆర్‌ఏసీ సంగతి చూద్దాం. ఒక సైడ్ లోయర్ ఇద్దరికి ఇస్తారు, ఇద్దరి దగ్గరా పూర్తి చార్జీ తీసుకుంటారు. ఎవరైనా రద్దు చేసుకుంటేనో, ఎక్కకపోతేనో వరస ప్రకారం పూర్తి బెర్త్ వస్తుంది. రాకపోతే రాత్రంతా ఎదురుబొదురుగా. ఎదుటివాళ్లు ఎవరో ఎక్కేదాకా తెలియదు.

పది గంటల రూలు ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఇద్దరికీ ఒకే హక్కు, ఉన్నది ఒకే బెర్త్. అందుకని ఎక్కగానే మాట్లాడుకోవడం మేలు. ఎవరు ఎక్కడ దిగుతారు? ఎవరికి ముందు నిద్ర కావాలి? ఒకరు రెండు దాకా, ఒకరు రెండు తర్వాత అని వంతులు వేసుకోవచ్చు. ఎదుటివాళ్ల తీరు ఇబ్బందిగా ఉంటే మాత్రం వంతుల గురించి ఆలోచించొద్దు. టీటీఈని పిలవండి, లేదా 139కి ఫోన్ చేయండి. రైల్వే హెల్ప్‌లైన్ అదే.

యాదృచ్ఛికమే అయినా, 139కి ఇంకో అర్థం కూడా ఉంది. 1989 రైల్వే చట్టంలో 139వ సెక్షన్ ప్రకారం, మగతోడు లేకుండా వెళ్తున్న స్త్రీని గానీ పిల్లల్ని గానీ రాత్రిపూట రైలు నుంచి దింపేయకూడదు. పగలైనా ఆమె ఎక్కిన స్టేషన్‌లో, జంక్షన్‌లో, చివరి స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో తప్ప దింపడానికి లేదు. టికెట్ విషయంలో ఎవరైనా "దిగు" అని గద్దిస్తే గుర్తుపెట్టుకోవాల్సిన సెక్షన్ ఇది.

సర్దుబాటుకి హద్దు

లాలూ ప్రసాద్ యాదవ్ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు సైడ్ వైపు కూడా మిడిల్ బెర్త్ పెట్టారు. గదికి ఎనిమిది బదులు తొమ్మిది. కాగితం మీద లెక్క బాగానే ఉంది, ఆదాయం పెరుగుతుంది. కానీ సైడ్‌లో ఉన్న ఎత్తుకి మూడు వరసలు చాల్లేదు. కింద కూర్చుంటే తల తగిలేది, మధ్యలో పడుకుంటే ఒత్తిగిలడానికి ఉండేది కాదు. ఫిర్యాదులు వచ్చాయి, తర్వాత వాటిని తీసేశారు.

రేపు మనమే ఏదో ఒకటి డిజైన్ చేస్తాం. "జనం సర్దుకుంటారులే" అన్నది డిజైన్‌లో ఇన్‌పుట్ కాకూడదు. జనం ఇప్పటికే చాలా సర్దుకుని ఉన్నారు. ఎనిమిదిమంది ఉన్నచోట మాటతో కుదిరింది. తొమ్మిదో మనిషి వచ్చాక ఏ మాటా పనిచేయలేదు.

ఈ సెలవులకి హోంవర్క్

ఒకటి. మీ గదిలో మిడిల్ బెర్త్ ఎన్నింటికి లేచింది? ఎవరు అడిగారు, ఏ మాటతో అడిగారు?

రెండు. "కొంచెం" అనే మాట ఆ రాత్రి ఎన్నిసార్లు వినిపించింది? అందులో ఎన్ని నిజంగా కొంచెమే?

మూడు. మీ గదిలో ఎవరు అందరికంటే ఎక్కువ సర్దుకున్నారు? వాళ్లని ఎవరైనా అడిగారా?

మూడోదానికి జవాబు "ఎవరూ అడగలేదు" అయితే, పది కావడానికి ఇంకా టైమ్ ఉంటే, అడగాల్సింది మీరే.