చూరులో చోటు

రాజమహేంద్రవరము

చిరంజీవి సౌభాగ్యవతి మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ లేఖ చేరినది. క్రొత్త యింట అడుగుపెట్టి ఏడాది నిండినను, మేడమీద మూకుట గింజలు పోసి ప్రతిదినము ఎదురుచూచుచున్నను, కాకులును పావురములును తప్ప మఱియొక పిట్ట వ్రాలుట లేదని నీవు చింతించుచు వ్రాసిన మాట చదివి, ఆ లోటును లోటుగా గుర్తింపగల కన్ను నీకు కలిగినందులకు లోలోపల సంతోషించితిని.

నీవు పంపిన పెరటి ఛాయాచిత్రమును పలుమాఱులు చూచితిని. సమముగా కత్తిరించిన పచ్చికయు, రంగురంగుల క్రోటను మొక్కలును, రాలుటాకు ఒక్కటియు కానరాని నేలయు చూడ ముచ్చటగానే యున్నవి. కాని తల్లీ, మన కంటికి శుభ్రమైన ఆ నేల పిట్ట కంటికి వట్టి విస్తరి. గింజలు తిని బ్రతుకు పిచ్చుక సైతము తన పసికూనలకు పురుగులనే తెచ్చి నోటికందించును. పూదేనె గ్రోలు తేనెపిట్ట సాలీళ్లను పట్టి గూటికి కొనిపోవును. కనుక పురుగు లేని తోటలో పక్షి ఒకపూట కడుపు నింపుకొని పోగలదే కాని కాపురము చేయజాలదు. చీడ పట్టిన కొమ్మను త్రుంచివేయుము. అంతేకాని తోటపై విషము చల్లింపకుము. రాలిన యాకులను తగులబెట్టక ఒక మూల ప్రోగుచేయుము; గోరువంకలు దానిని కెలకి తమకు కావలసినది తామే వెదకికొనును.

ఇక చెట్ల సంగతి. గోడవారగా మందారమును, నూరువరహాలను నాటితివేని తేనెపిట్టలకు అదియే విందు. అరటి పువ్వు డొప్పవిచ్చు వేళను, మునగ పూతపట్టు వేళను వాని సందడి నీవే చూతువు. కరివేపచెట్టును ఆకు కొఱకై నిలువెల్ల దూయక కొన్ని కొమ్మలను కాపునకు విడిచిపెట్టుము. నల్లగా మాగిన ఆ పండ్లకై పికిలిపిట్టలును కోకిలలును వచ్చును. జామచెట్టు పైకొమ్మల పండ్లు చిలుకల పాలని మొదటనే అనుకొనుము. అప్పుడు చిలుక కొఱికిన పండును చూచి నీకు కోపము రాదు. ఒక గోరింట పొదను మాత్రము కత్తెర తగులనీయక దట్టముగా పెరుగనిమ్ము. డేగ నీడ పడినపుడు చిన్నపిట్టలకు అదియే కోట.

నీటిని మఱువకుము. అంచు వాలుగానున్న మట్టిమూకుటిలో రెండంగుళముల లోతు మించకుండ నీరు పోసి, నడుమ ఒక గరుకురాయి నుంచుము. దానిని పొదకు మరీ చేరువగా పెట్టిన పిల్లి పొంచియుండును. మరీ దూరముగా పెట్టిన పిట్టకు పాఱిపోవ తావుండదు. రెండు మూడు గజముల యెడము చాలును. ప్రతిదినము కడిగి నీరు మార్చనిచో దోమలును రోగములును పుట్టును. గింజలలో నూకలు, కొఱ్ఱలు, సజ్జలు మంచివి; ఉప్పుకారములు కలిసిన తిండి వలదు. సంక్రాంతికి మన పెద్దలు క్రొత్త వరికంకులను కుచ్చుగా అల్లి చూరునకు వ్రేలాడగట్టుచుండెడివారు. ఆ వాడుకను నీ యింట మరల నిలుపుము.

ఇప్పుడు నా తప్పిదమొకటి చెప్పవలెను. మన పాత పెంకుటింట గోడకు వాలుగా వ్రేలాడు పటముల వెనుక పిచ్చుకలు గూళ్లు పెట్టుచుండెడివి. మీ మేనత్త పెండ్లికి వెల్ల వేయించు తొందరలో, వెనుక చూడకయే ఒక పటమును దింపించితిని. మూడు గ్రుడ్లు నేలపడి పగిలినవి. ఆ పిచ్చుకల జంట రెండు దినములు వచ్చి, పటము లేని గోడపై మిగిలిన మేకును పట్టుకొని అటునిటు చూచుచుండెను. పిమ్మట ఆ పెంకుటింటిని విప్పి డాబా కట్టించినపుడు, పిచ్చుక దూరు సందొక్కటియు లేకుండ నున్నగా గిలాబా చేయించినవాడను నేనే.

పక్షిశాస్త్రవేత్త సలీం అలీ బాల్యమున తాను తుపాకితో కొట్టిన పిచ్చుక కంఠముపై పసుపు మచ్చ చూచి, అది యేజాతిదో తెలిసికొనుటకై బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు వెళ్లెను. ఆ జిజ్ఞాసయే ఆయనను 1931-32 సంవత్సరములలో మన హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించుటకును, 1941లో భారతీయ పక్షులను గూర్చి గ్రంథము వెలువరించుటకును నడిపించినది. తప్పు చేసినవాడు ఆగి చూచుట నేర్చిన, ఆ చూపు ఎంతదూరమైనను పోగలదు. నీవును ఒక పుస్తకమున తేదీ, పిట్ట, అది వ్రాలిన చెట్టు వ్రాసికొనుచుండుము. ఏడాది తిరుగునప్పటికి నీ తోటకు ఏమి కొఱతయో ఆ పుస్తకమే చెప్పును.

పాత యింటి టేకు చెక్కలు నాలుగు దాచియుంచితిని, వానిని పంపుచున్నాను. వడ్రంగిచేత చిన్న పెట్టె చేయించి, ఒకటింబాతిక అంగుళము వెడల్పున గుండ్రని రంధ్రము పెట్టించి, ఎండవానలు తగులని చూరుక్రింద, పిల్లికందని యెత్తున బిగింపుము. లోపల రంగు పూయింపకుము. పిచ్చుక చేరినచో రెండు వారములు పొదుగును, మఱి రెండు వారములు పిల్లలను సాకును. ఆ నెలదినములు పెట్టెను తాకకుము, గోడకు వెల్ల వేయింపకుము.

ఇట్లు, ఆశీస్సులతో,
తాతయ్య