నోరు విప్పితేనే పథ్యం

పథ్యం అనగానే మన ఆలోచన నాలుక మీదికే పోతుంది. ఇష్టమైనది విస్తట్లో ఉన్నా ముట్టకుండా లేవగలిగినవాడే గట్టివాడని పెద్దలు చెబుతూ వచ్చారు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు కూడా నిగ్రహాన్నే మొదటి మెట్టుగా చూపిస్తాయి. కానీ సీలియాక్ వ్యాధి బయటపడి, జీవితాంతం గ్లూటెన్ లేని తిండితో గడపాల్సి వచ్చిన తెలుగువారికి, అందులోనూ సింగపూర్‌లో ఉంటున్నవారికి, ఆ సలహా సగం దారి కూడా తోడు రాదు. వారు అలవరచుకోవాల్సిన గుణం వేరు. ఎదుటివారిని సూటిగా, మర్యాదగా, అవసరమైతే రెండోసారి కూడా అడగగలగాలి. మొహమాటం వదలనివారు నాలుకను ఎంత అదుపులో పెట్టుకున్నా ఈ పథ్యం నిలవదని నా నమ్మకం.

నిజానికి మన వంటలో వదులుకోవాల్సింది తక్కువ. గ్లూటెన్ గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో ఉండే మాంసకృత్తు. అన్నం, పప్పు, పెరుగు, ఇడ్లీ, పెసరట్టు, జొన్నరొట్టె, రాగి సంకటి... వీటిలో అది సహజంగా లేదు. సంక్రాంతి అరిసెలు, వినాయక చవితి ఉండ్రాళ్ళు, అట్లతద్దె అట్లు కూడా బియ్యపు వంటలే. బొబ్బట్లు, కాజాలు, కజ్జికాయలు, సేమియా పాయసం, బొంబాయి రవ్వ ఉప్మా పోతాయి. జ్వరమొచ్చినప్పుడు తాగే బార్లీ నీళ్ళు కూడా పోతాయి, ఈ సంగతి చాలామందికి తట్టదు. ఉత్తరాది ఇంట్లో రొట్టె మానేయడం వేరు, మన ఇంట్లో మానేయడం వేరు. వ్యాధి కూడా అక్కడే ఎక్కువ. 2016లో వెలువడిన ఒక అధ్యయనం దేశంలోని మూడు ప్రాంతాల్లో 23 వేలకు పైగా పెద్దవాళ్ళను పరీక్షించింది. సీలియాక్ వ్యాధి ఉత్తరాదిన 1.23 శాతం మందిలో, దక్షిణాదిన 0.10 శాతం మందిలో కనిపించింది. వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు మాత్రం అక్కడ 38 శాతం మందిలో ఉంటే, ఇక్కడ 36 శాతం మందిలో ఉన్నాయి. పెద్ద తేడా గోధుమ వాడకంలో ఉంది. అక్కడ రోజుకు సగటున 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు. ఈ అంకెలను సింగపూర్ వచ్చిన తెలుగు కుటుంబానికి అన్వయించి చూడండి. పొద్దున కొబ్బరి జామ్ పూసిన కాయా టోస్ట్, పిల్లలకు బార్లీ మాల్టు కలిసిన మైలో పానీయం, సాయంత్రం మైదాతో చేసే ప్రాటా, షుగర్ భయంతో రాత్రికి చపాతీ. జన్యువులు ఊళ్ళోవే, గోధుమ మాత్రం ఊళ్ళో తిన్నదానికి ఎన్నో రెట్లు. 'ఇది మన జబ్బు కాదు' అనే ధీమాకు ఇక ఆధారం లేదు.

'కొంచెం తింటే ఏమవుతుంది లెండి' అనే మాట దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది. షుగర్ పథ్యంలో కొంచెం తినడానికి చోటుంది, ఇందులో లేదు. సీలియాక్ ఉన్నవారిలో గ్లూటెన్ లోపలికి వెళితే వారి రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొర మీద దాడి చేస్తుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తీసుకున్నా పేగు పొర దెబ్బతింటుందని 2007లో ఇటలీ పరిశోధకులు చూపించారు. ఒక బ్రెడ్ ముక్కలో ఉండే గ్లూటెన్ రెండు గ్రాముల పైమాటే. అంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు కూడా రోజూ పడితే చాలు. కడుపునొప్పి రాలేదు కదా అనుకోవడానికీ లేదు, ఏ బాధా తెలియకుండానే పొర పాడవుతూ ఉండవచ్చు. ఇంత చిన్న మోతాదు కంటికి కనిపించదు, నాలుకకు అందదు. వండినవారికే తెలుస్తుంది, వారిని అడిగితేనే మనకు తెలుస్తుంది.

సింగపూర్‌లో ఈ అడగడం ఒక విద్య. పొట్లాల్లో అమ్మే ఆహారం మీద గ్లూటెన్ ఉన్న ధాన్యాల పేర్లు తప్పనిసరిగా ముద్రించాలని అక్కడి ఆహార నిబంధనలు చెబుతాయి. సూపర్ మార్కెట్‌లో చట్టమే మన తరఫున అడిగేసింది. చిన్న చిన్న తిండి స్టాళ్ళన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో మాత్రం ప్లేటు మీద ఏ చీటీ ఉండదు. వందకు పైగా ఉన్న ఈ హాకర్ సెంటర్ల సంస్కృతిని 2020 డిసెంబరులో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. ఊరంతా తినేది అక్కడే, స్నేహాలు సాగేది అక్కడే. అక్కడ 'ఇందులో గోధుమ ఉందా?' అని అడిగితే 'లేదు, ఇది బియ్యం నూడుల్స్' అనే జవాబు రావచ్చు. చెప్పినవారు అబద్ధమాడలేదు. క్వే టియావ్, బీ హూన్ రెండూ బియ్యంతో చేసేవే. వాటిని నల్లగా మెరిపించే సోయా సాస్‌ను మాత్రం సాధారణంగా సోయా గింజలతో పాటు గోధుమలను కూడా పులియబెట్టి చేస్తారు. ఆ సీసాలో గోధుమ ఉందని వండేవారికి తట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. కనుక ధాన్యం పేరుతో ఆగక, వంటలో పడే వస్తువుల పేర్లతో అడగాలి. సోయా సాస్ వేశారా, ఆయిస్టర్ సాస్ వేశారా, చేప ఉండల్లో పిండి కలిపారా, ఇదే పెనం మీద ప్రాటా కాల్చారా? లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో దోసె ఎదురుగా కనిపిస్తే మన ఊరొచ్చినంత ధైర్యం కలుగుతుంది. పక్కనే ప్రాటా కాలుతున్న పెనం, మైదా కలిసిన రవ్వ దోసె గరిటె, సాంబారులో పడిన పిండి కలిసిన ఇంగువ ఆ ధైర్యాన్ని పరీక్షిస్తాయి. తమిళంలో గోదుమై, మలయ్‌లో గండుమ్, చైనీస్‌లో షియావ్‌మై అనే మూడు మాటలు, సోయా సాస్ వద్దనే వాక్యం రాసిన చిన్న కార్డు జేబులో ఉంటే సగం సంకోచం అక్కడే తీరుతుంది. వెనక వరుసలో పదిమంది ఉన్న మధ్యాహ్నం పన్నెండున్నరకు ఈ సంభాషణ పెట్టుకోకూడదు. పదకొండున్నరకు వెళ్ళి, 'అంకుల్' అని పలకరించి అడిగితే విసుక్కునేవారు తక్కువ. 'తెలియదు' అనే జవాబు వస్తే దాన్ని నిజాయితీగా తీసుకుని, కృతజ్ఞత చెప్పి, పక్క స్టాల్‌కు నడవాలి.

బయటివారిని అడగడం నేర్చినవారు కూడా మనవాళ్ళ ముందు నోరు మెదపలేరు. ఇంగువ డబ్బా వెనక చదివితే చాలా బ్రాండ్లలో మైదా కనిపిస్తుంది, ముడి ఇంగువ అంత ఘాటుగా ఉంటుంది కనుక దాన్ని పిండితో కలిపి అమ్ముతారు. పప్పు, చారు, పులిహోర, అన్నిటి తాలింపులోనూ అదే. శెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలలో దొన్నెతో చేతికి ప్రసాదం వచ్చినప్పుడు, పెద్ద ముత్తైదువ ఒకావిడ ప్రేమగా వడ్డించినప్పుడు కాదనడం మనకు చేతకాదు. ఇక్కడ నిగ్రహం గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఆ ముద్ద తినిపించింది జిహ్వచాపల్యం కాదు. మనస్తత్వ శాస్త్రంలో దీనికి ఒక ఆధారమున్న ఉపాయం ఉంది. పీటర్ గోల్విట్జర్ ప్రతిపాదించినది: 'ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను' అని ముందే నిర్ణయించుకోవడం. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షలను క్రోడీకరించి చూస్తే, ఉత్త సంకల్పం కంటే ఇలాంటి ఏర్పాటు చెప్పుకోదగ్గంత మెరుగైన ఫలితమిచ్చింది. ప్రసాదం చేతికొస్తే కళ్ళకద్దుకుని పక్కవారికి ఇస్తాను, తీర్థం, పండు తీసుకుంటాను. ఈ నిర్ణయం ఇంటి దగ్గరే అయిపోతే కోవెలలో మనసుతో పోట్లాట ఉండదు, భక్తికీ లోటు ఉండదు.

ఇదంతా డబ్బున్నవారి ఫ్యాషన్ అనే ఆక్షేపణ ఉంది. అందులో నిజం పాలు ఎక్కువే, దాన్ని తోసిపుచ్చకూడదు. జబ్బు లేనివారు గ్లూటెన్ మానేస్తే గుండెకు మేలు జరుగుతుందన్న ఆధారం దొరకలేదని, పైగా ముడి ధాన్యాలు తగ్గిపోయే ప్రమాదముందని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. గోధుమ పడదనుకునే 59 మందిపై ఓస్లోలో చేసిన పరీక్షలో, 2018లో, కడుపుబ్బరానికి గ్లూటెన్ కంటే గోధుమలో ఉండే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు ఎక్కువ కారణమని తేలింది. అందుకే మొట్టమొదట అడగాల్సింది డాక్టరును. ఇక్కడ మన నిగ్రహమే మనకు అడ్డొస్తుంది. పట్టుదల గలవారు ఏదో చదివి వెంటనే గోధుమ మానేస్తారు. మానేశాక చేసిన రక్తపరీక్ష జబ్బున్నా లేదని చూపించవచ్చు. గోధుమ తింటూ ఉండగానే పరీక్ష చేయించుకోవాలి. జబ్బు ఖాయమైతే ఖరీదైన దిగుమతి బ్రెడ్ల జోలికి పోనక్కరలేదు. సింగపూర్‌లోని ముస్తఫా దుకాణంలో రాగులు, జొన్నలు, కొర్రలు దొరుకుతాయి. గోధుమ ఆడిన మరలో ఆడించిన పిండి కంటే, గింజలు కొని, ఏరి, కడిగి ఇంట్లో పట్టుకున్న పిండి నమ్మకమైనది.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఒకటుంది. ప్రతిదాన్నీ అనుమానించి ప్రశ్నించేవారి బతుకులో సంతోషం మిగులుతుందా? కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన పరిశీలనలో, అతి జాగ్రత్త పాటించే సీలియాక్ రోగుల జీవన నాణ్యత మిగతావారి కంటే తక్కువగా కనిపించింది. ఇది నా వాదనకు ఎదురు సాక్ష్యమని ఎవరైనా అనవచ్చు. నాకు అలా తోచదు. భయంతో పార్టీలకు వెళ్ళడం మానేసేవారు, బయట మంచినీళ్ళు తప్ప ముట్టనివారు అడగడం వల్ల అలా అవలేదు. అడిగి జవాబు నమ్మే అలవాటు లేక ముడుచుకుపోయారు. జాగ్రత్తకు ఒక హద్దు కూడా ఉంది. పొట్లం మీద గ్లూటెన్ రహితమని వేయడానికి అంతర్జాతీయ కొలత కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు, సున్నా కాదు. నాలుగు ప్రశ్నలు వేసి, సరైన జవాబులు వచ్చాక ప్రశాంతంగా తినడం కూడా ఈ సాధనలో భాగమే. ఐదో ప్రశ్న భయానిది.

ఆతిథ్యమిచ్చేవారు నొచ్చుకుంటారనే బెంగ మాత్రం మన బుర్రలోనే ఎక్కువ. 'కడుపు బాగోలేదండీ' అని తప్పించుకుంటే ఆ ఇల్లాలు ఇంకా బలవంతపెడుతుంది, తన వంటలో లోపమేమో అనుకుంటుంది. రెండు రోజుల ముందే ఫోన్ చేసి, 'వదినా, నాకు గోధుమ, ఇంగువ అసలు పడవు. పప్పు తాలింపు పెట్టకముందు ఒక గిన్నె తీసి పక్కన పెట్టండి. పూరీలు వేయించిన నూనెలో గారెలు వేస్తే మాత్రం నాకు వద్దు' అంటే ఆమెకు చేయడానికి ఒక పని దొరుకుతుంది. ప్రేమ చూపించే దారి దొరికినందుకు చాలామంది సంతోషిస్తారు.

ఇక ఈ మొహమాటం అన్నిటికంటే ఖరీదుగా మారే చోటు సొంత ఇల్లు. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయేమోనని ఆడపిల్ల జబ్బును దాచే తల్లిదండ్రులున్నారు. జబ్బు దాచి పెళ్ళి చేసిన పిల్ల అత్తవారింట్లో నోరు తెరిచి అడగలేదు, అడగలేక తింటుంది. తిన్నకొద్దీ రక్తహీనత, ఎముకల బలహీనత, కొందరిలో గర్భం నిలవకపోవడం దాకా పోవచ్చు. పైగా దాచడం వల్ల తోబుట్టువులకు కూడా అన్యాయం జరుగుతుంది. రోగి తల్లిదండ్రుల్లో, అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్ళలో, పిల్లల్లో సుమారు 7.5 శాతం మందికి ఇదే వ్యాధి ఉంటుందని 2015 నాటి ఒక సమీక్ష లెక్క తేల్చింది. సింగపూర్‌లో ఒకరికి బయటపడితే విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న అన్నకు, అమ్మకు చెప్పాలి. టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే రక్తపరీక్ష హైదరాబాద్‌లోనూ చేస్తారు. వాళ్ళు గోధుమ మానేయకముందే చేయించుకోమని ఆ ఫోన్‌లోనే చెప్పాలి.