సర్కారు భవనాల సంరక్షణ: 1854 నుంచి సీపీడబ్ల్యూడీ

ఈస్టిండియా కంపెనీ కాలంలో ప్రజా పనులు మిలిటరీ బోర్డు చేతిలో ఉండేవి. యుద్ధాల మధ్య భవనాలు, కాలువలు, రోడ్లపై శ్రద్ధ ఎంతో ఊహించవచ్చు. ఆ పద్ధతిని మార్చి, 1854లో ప్రత్యేక ప్రజా పనుల శాఖకు రూపమిచ్చినవాడు గవర్నర్ జనరల్ డల్హౌసీ. రైల్వే, టెలిగ్రాఫ్‌లతో పాటు దీన్నీ ఆయన పేరుతో గుర్తుంచుకోండి.

నేటి కేంద్ర ప్రజా పనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) మూలాలు అక్కడివే. ప్రస్తుతం ఇది కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ కింద ఉంది. కట్టడమే కాదు, మరమ్మతులు, విద్యుత్ పనులు కూడా దీనివే. తోటల పెంపకానికి ఉద్యాన విభాగం ఉంది. పోటీ పరీక్షల అభ్యర్థులు తరచూ మరిచేది ఈ విభాగాన్నే.

తోటలకు సంబంధించి ఒక అనుబంధ అంశం: రాష్ట్రపతి భవన్‌లోని మొఘల్ గార్డెన్స్‌కు 2023 జనవరిలో పెట్టిన పేరు అమృత్ ఉద్యాన్.