తుది వీడ్కోలు

మానవునకును పిల్లికిని గల చెలిమి మిక్కిలి ప్రాచీనమైనది. మధ్యధరా సముద్రమందలి సైప్రసు ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధి యొకటి బయల్పడినది. అందు ఒక మనుష్యుని చెంతనే ఒక పిల్లియు పూడ్చిపెట్టబడి యున్నది. మనుష్యుడు ధాన్యము నిలువచేయుట నేర్చిననాడే అతనికి ఎలుకల బాధ మొదలైనది. ఎలుకల వెంట పిల్లి వచ్చి అతని యింట చేరినది. ప్రాచీన ఐగుప్తు దేశమున ఇంటి పిల్లి మరణించినచో ఇంటిల్లిపాదియు కనుబొమలు గొరిగించుకొని దుఃఖము తెలుపుచుండెడివారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసియున్నాడు.

మన కోట ప్రాంతమునను ఈ చెలిమి కొత్తది కాదు. వరి పండెడు పల్లెలలో ధాన్యపు బస్తాలకు పిల్లియే కావలి. సముద్రతీరమునుండి చేపల తట్ట వీధిలోనికి వచ్చు వేళ ఏ యింటి పిల్లియు నిద్రింపదు. ఇట్లు పది పన్నెండేండ్లు మనతో మెలగిన ప్రాణి ముసలిదై, జబ్బుపడి, లేవలేని స్థితికి వచ్చినపుడు ఇంటివారు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, దీనికి బదులు చెప్పుట పెద్దలకును కష్టమే.

ఒక ఉదాహరణము తీసికొందము. కోటలో ఒక యింట బూడిదవన్నె పిల్లి యొకటి యున్నదనుకొనుడు. దాని వయస్సు పదునాలుగేండ్లు. ఆ యింటి బాలిక పుట్టకమునుపే అది ఆ యింట అడుగుపెట్టినది. కొన్ని నెలలుగా అది మాటిమాటికి నీరు త్రాగుచున్నది. చేప ముక్క ముందుంచినను మూతి త్రిప్పుకొనుచున్నది. నిమిరినచో వెన్నెముక చేతికి తగులుచున్నది. ఒడలు నాకి శుభ్రము చేసికొనుట మానినది. పగలంతయు బస్తాల సందున చీకటిలో దాగియుండును.

పిల్లి తన బాధను సులభముగా బయటపెట్టదు. బలహీనత చూపిన ప్రాణి శత్రువున కెరయగునన్నది అడవి నేర్పిన పాఠము. కనుక అరచుటలేదు గావున నొప్పి లేదని తలపరాదు. తిండి మానుట, దాగుట, శుభ్రత విడుచుట, ఇవియే దాని మాటలు.

ఇట్టి సమయమున మొదటి కర్తవ్యము పశువైద్యునికి చూపుట. ముసలితనము రోగము కాదు. పండ్ల జబ్బు, కీళ్లనొప్పి వంటివి చికిత్సకు లొంగును. ముసలి పిల్లులకు తరచుగా వచ్చు మూత్రపిండముల వ్యాధి పూర్తిగా నయము కాదు. అయినను తగిన ఆహారము, మందులు, చర్మము క్రింద ఎక్కించు ద్రవములు అందినచో కొన్ని పిల్లులు నెలల తరబడి, ఒక్కొక్కపుడు ఏండ్ల తరబడి సుఖముగా జీవించును. మనము వాడు మాత్రలను మాత్రము దానికి పెట్టరాదు. మన జ్వరమును తగ్గించు పారాసిటమాలు మాత్ర యొక్కటియే పిల్లి ప్రాణము తీయగలదు.

వైద్యుడు పరీక్షించి, “ఇక నయము కాదు, నొప్పి నానాటికి హెచ్చును” అని చెప్పెననుకొనుడు. అప్పుడు ఆ యింట మూడు అభిప్రాయములు పుట్టును.

తండ్రి, “గోనెసంచిలో కట్టి ఏటి ఆవల విడిచివత్తును. కంటి కెదుట లేకున్న దుఃఖమును ఉండదు” అనును. అవ్వ, “వద్దు నాయనా! పిల్లి పాపము మనకు తగులును. దాని చావు అదే చచ్చును” అనును. బాలిక, “ఎట్లయినను బ్రతికింపుడు” అని ఏడ్చును.

ఈ మూటిని వరుసగా విచారింతము.

తండ్రి మాట మన పల్లెలలో తరచుగా వినబడునదే. కాని లేవలేని ప్రాణిని ఎరుగని చోట విడుచుట, దానిని ఆకలికి, దప్పికి, కుక్కలకు అప్పగించుటయే. నాట్యకళావిదుషి రుక్మిణీదేవి అరుండేలు 1952లో రాజ్యసభ సభ్యురాలై, మూగజీవుల రక్షణకు బిల్లు ప్రతిపాదించిరి. తరువాత 1960లో జంతుహింస నివారణ చట్టము వెలువడినది. ఆకలిదప్పులకు లోనగునట్లు జంతువును విడిచిపెట్టుట ఆ చట్టము ప్రకారము నేరము. చట్టము మాట యటుండగా, మహాభారతమున ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని నిలిచెను. ఆ కథను తెనుగు చేసిన తిక్కన సోమయాజి మన నెల్లూరివాడే. ఆశ్రయించినదానిని విడువరాదన్నదే ఆ కథ చెప్పు ధర్మము.

బాలిక మాట ప్రేమనుండి పుట్టినది. అయినను మనము ఏడ్వవలసివచ్చునని ఆ ప్రాణిని నొప్పిలో నిలిపియుంచుట ప్రేమ కాజాలదు. అమెరికా దేశపు పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోసు 2004లో ఇట్టివారికొరకు కొన్ని ప్రశ్నలను కూర్చెను. నొప్పి అదుపులో నున్నదా? తిండి తినుచున్నదా? నీరు చాలినంత అందుచున్నదా? ఒడలు శుభ్రముగా నున్నదా? మనలను చూచి సంతోషించుచున్నదా? నడువగలుగుచున్నదా? చెడ్డ దినములకంటె మంచి దినములు ఎక్కువగా నున్నవా? ప్రతి సాయంకాలమును పంచాంగపు కాగితముపై మంచి దినమునకు ఒక గుర్తు, చెడ్డ దినమునకు వేరొక గుర్తు పెట్టినచో, మనస్సు ఒప్పుకొనని సత్యమును కొన్ని వారములలో ఆ కాగితమే చెప్పును.

అవ్వ సందేహము అన్నిటికంటె బరువైనది. పిల్లిని చంపినవారు బంగారు పిల్లిని చేయించి దానమిచ్చిననేగాని పాపము తీరదని మన పెద్దల నమ్మకము. ఈ నమ్మకము ఎన్నియో పిల్లులను దెబ్బలనుండి కాపాడినది; దానిని పరిహసింపరాదు. అయితే ఈ ధర్మసందేహము గాంధీ మహాత్మునికే ఎదురైనది.

ఆయన 1921 ఏప్రిల్ 7న మన నెల్లూరు సమీపమున పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించినవాడు. 1928లో ఆయన సబర్మతీ ఆశ్రమమున ఒక దూడ గాయపడి, ప్రక్కకు ఒత్తిగిలుటకును శక్తిలేక విలవిలలాడుచుండెను. చికిత్స చేసిరి, సేవ చేసిరి. ఇక ఆశ లేదని వైద్యుడు చెప్పెను. ఆయన ఆశ్రమవాసులతో ఆలోచించెను. ప్రాణము పోయలేనివారికి ప్రాణము తీయు హక్కు లేదని ఒకరు వాదించిరి. అంతయు విని, ఆయన తన యెదుటనే వైద్యునిచేత సూదిమందు ఇప్పించి ఆ దూడకు బాధనుండి విముక్తి కలిగించెను. దేశమునందు పెద్ద కలకలము పుట్టినది. కోపముతో నిండిన లేఖలు వచ్చినవి. రోగి మేలు కోరి శస్త్రచికిత్స చేయు వైద్యుడు హింసకుడు కానట్లే ఇదియు హింస కాదని ఆయన ‘యంగ్ ఇండియా’ పత్రికలో బదులు వ్రాసెను. అదే సందర్భమున పంటలను పాడుచేయు కోతుల సంగతియు విచారించి, వానిని చంపుట మన లాభముకొరకే గనుక హింసయే యని చెప్పెను. ఆ రెంటికిని గల భేదమును గమనింపుడు. ఎవరి మేలుకొరకు అన్నదే ఆయన గీసిన గీత.

ఈ గీతను మన ఉదాహరణమునకు అన్వయింతము. “శుభ్రము చేయలేక విసిగితిమి, ఖర్చు భరింపలేము” అనునది మన మేలు. “ఇక దీనికి మిగిలినది నొప్పి యొక్కటే” అనునది పిల్లి మేలు. మొదటి కారణముతో తొందరపడరాదు. రెండవ కారణము స్థిరపడిన పిదప ఆలస్యము చేయరాదు. అప్పటికిని అవ్వ మనస్సు అంగీకరింపనిచో, వైద్యుడిచ్చిన నొప్పిమందులతో తుదివరకు సేవచేయుట మరియొక మార్గము. కాని ఆ సేవలో ఏ దినమునను నొప్పిని ఉపేక్షింపరాదు.

నిర్ణయమైన పిదప పని పశువైద్యునిది. విషము పెట్టుట, నీట ముంచుట క్రూరకృత్యములు. వైద్యుడు మొదట మత్తు కలిగించి, పిదప అధికమాత్రలో మత్తుమందు ఎక్కించును. క్షణములలో స్పృహ పోవును. కొద్ది నిమిషములలో శ్వాస, గుండె ఆగిపోవును. తిరుపతిలో 1955లో స్థాపితమైన పశువైద్య కళాశాల కలదు. దేహమును బావులకు దూరముగా లోతైన గోతిలో పూడ్చవలెను. మందు దేహమున నిలిచియుండును గావున, కుక్కలు, కాకులు దానిని తినినచో వానికిని ప్రమాదమే.

పిల్లి “ఎక్కడికో పోయినది” అని బాలికతో అబద్ధమాడరాదు. అబద్ధము చెప్పినచో ఆమె ప్రతి సాయంకాలమును వాకిట దానికొరకు ఎదురుచూచును. సత్యము చెప్పినచో ఏడ్చును. ఏడ్చి, పిదప ఊరడిల్లును. ఇంటివారిలో ఒక్కరైనను తుదిక్షణమున పిల్లి తలపై చేయి ఉంచి కూర్చుండుట మేలు. పదునాలుగేండ్లు అది నమ్మిన చేయి అది. కన్ను మూయువరకు ఆ చేయి తీయకుండుటయే మనము దానికి తీర్పగల ఋణము.