వృద్ధులను దర్శించునప్పుడు
పఠన భాగము: 2 సమూయేలు 19:31-39



దావీదు అబ్షాలోమునకు భయపడి మహనయీములో ఉన్నప్పుడు బర్జిల్లయి అతనిని పోషించెను. తిరిగి వెళ్లునప్పుడు రాజు ఆయనను యెరూషలేమునకు పిలిచెను. బర్జిల్లయికి 80 ఏండ్లు. రుచి తెలియదనియు, పాటలు వినబడవనియు చెప్పి, తన ఊరిలో తల్లిదండ్రుల సమాధియొద్దనే చనిపోగోరెను. తనకు బదులు కింహామును పంపెను. రాజు బలవంతము చేయలేదు, దీవించి సాగనంపెను.

మనలో అనేకులము ఒంగోలు, నెల్లూరు, కర్నూలు ప్రాంతములనుండి తల్లిదండ్రులను బెంగుళూరు తెచ్చుకొన్నాము. ప్రేమతోనే తెచ్చితిమి. కాని ఊరిలో అరుగుమీద కూర్చుంటే పదిమంది పలకరించిన వారికి, ఇక్కడ మూడవ అంతస్తులో సాయంత్రము వరకు తెలుగు మాట వినబడదు. "ఇక్కడ మీకు ఎట్లున్నది?" అని వారిని అడిగినవారము ఎందరము?

దర్శనమునకు పిల్లలు ఆఫీసులకు వెళ్లిన తరువాత పోవుట మంచిది. కొడుకు కోడలి యెదుట ఏ తల్లియు తన బాధ చెప్పుకొనదు. బాగుగా వినబడు చెవి వైపున, మన ముఖముమీద వెలుగు పడునట్లు కూర్చుండవలెను. కేకలు వేయనక్కరలేదు. నిదానముగా, ఒక్కొక్క సంగతే అడిగి, జవాబుకు ఆగవలెను. ప్రశ్న వేసి తానే జవాబు చెప్పు పంతులువలె మనలో చాలమందిమి ఉన్నాము! చెప్పిన కథే మరల చెప్పినచో "ఇది చెప్పారు గదా మామ్మగారూ" అనక, ఆ కథలోని మనుష్యులను గూర్చి అడుగవలెను. కన్నీరు వచ్చిన వెంటనే ప్రార్థన మొదలుపెట్టి వారి మాటను ఆపివేయువారు కలరు. ప్రార్థన చివరకే ఉంచుడి. అక్కడ విన్నదానిని బుధవారపు కూటములో ప్రార్థన మనవిగా చెప్పరాదు.

తిండి, నిద్ర తప్పి రెండు వారములైనను, చావును కోరుచు మాటలాడినను, అది అవిశ్వాసమని బోధింపక వైద్యునికి చూపవలెను. హోసూరు రోడ్డులో నిమ్‌హాన్స్ ఉన్నది. ఒకటి రెండు దినములలోనే మతి తప్పినట్లు మాటలాడినచో అది ముసలితనము కాదు. మూత్రములో ఇన్‌ఫెక్షన్ వంటి జబ్బు కావచ్చును. ఆ దినమే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

ఇక ఊరిలోని ఇల్లు పిల్లల పేర వ్రాయు మాట. సంఘపెద్దలు ఏ పక్షమును పట్టరాదు, గాని ఒక సంగతి చెప్పవచ్చును. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము 23వ సెక్షను ప్రకారము, పోషింపవలెనను షరతుతో ఇచ్చిన ఆస్తిని, పోషింపనిచో ట్రిబ్యునలు రద్దుచేయగలదు. కావున ఆ షరతు దస్తావేజులోనే స్పష్టముగా వ్రాయించుకొనవలెను. కర్ణాటకలో ఆ ట్రిబ్యునలుకు అసిస్టెంట్ కమిషనరు అధ్యక్షులు. వృద్ధుల సహాయమునకు ఫోను నంబరు 14567. దీనిని పెద్ద అక్షరములతో వ్రాసి వారి మంచము దగ్గర అంటించుడి.

చర్చకు: ఆదివారము ఆరాధనకు రాలేని పెద్దలు మన సంఘములో ఎవరెవరు? ఊరికి తిరిగి వెళ్లగోరుచున్నారేమో అని వారిని ఎవరైనను అడిగిరా?