బేస్ వినపడాలంటే ముందు ఏం కొనాలి?

పోయిన ఫెస్ట్‌లో నా బేస్ గిటార్ స్టేజ్ మీద నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. "ఊరికే నిలబడ్డావేంట్రా?" అన్నారు ఫ్రెండ్స్. తప్పు గిటార్‌ది కాదు, చిన్న ప్రాక్టీస్ ఆంప్‌ని నమ్ముకున్న నాది.

బేస్‌లో లావు తీగ, అంటే ఇ, సుమారు 41 హెర్ట్జ్‌లో మోగుతుంది. అంత కింది స్వరం హాలంతా వినపడాలంటే పెద్ద స్పీకర్లు, బోలెడు వాట్లు కావాలి. ఆడిటోరియం పీఏలో అవి ఎలాగూ ఉంటాయి. సిగ్నల్‌ని అక్కడిదాకా క్షేమంగా పంపడమే మన పని. దానికే డీఐ బాక్స్. పాసివ్ పికప్‌కి ఇంపీడెన్స్ ఎక్కువ కదా, పొడుగు కేబుల్‌తో నేరుగా మిక్సర్‌కి కలిపితే ట్రెబుల్ పోతుంది, హమ్ చేరుతుంది. డీఐ దాన్ని తక్కువ ఇంపీడెన్స్ బ్యాలెన్స్‌డ్ సిగ్నల్‌గా మారుస్తుంది. పాసివ్ బేస్‌కి యాక్టివ్ డీఐ తీసుకోండి. దానికి కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ మామూలుగా మిక్సరే ఇస్తుంది.

రికార్డింగ్ ఇంకా తేలిక. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉంటే డీఐ కూడా అక్కర్లేదు. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకి జేమ్స్ జేమర్సన్ బేస్ ఎక్కువగా ఆంప్ లేకుండా నేరుగా కన్సోల్‌కే వెళ్లేది! కాకపోతే మిక్స్‌ని ల్యాప్‌టాప్ స్పీకర్లలో విని ఓకే అనేయకండి, ఆ 41 హెర్ట్జ్ వాటిలో రానే రాదు.

నా ఆంప్ అమ్మకానికి పెట్టాను. హాస్టల్ గదిలో ప్రాక్టీస్‌కి మాత్రం బాగానే ఉంటుంది.