పోల్ వాల్ట్ కోచ్ జీతం ఎవరి జేబులోంచి?

ఈజే ఒబియేనా పేరు మనలో చాలామంది విని ఉండరు. ఫిలిప్పీన్స్ అతను. మనలాగే ఇంజనీరింగ్‌లో చేరాడు, కానీ దారి పోల్ వాల్ట్ వైపు తిరిగింది. 2023 జూన్‌లో నార్వేలోని బెర్గెన్‌లో ఆరు మీటర్లు దాటాడు. ఆసియా నుంచి ఆ ఎత్తు దాటిన మొదటివాడు అతనే. ఆ ఆగస్టులో బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో మళ్ళీ ఆరు మీటర్లు దూకి రజతం తెచ్చుకున్నాడు.

అంతకు ఏడాదిన్నర ముందు మాత్రం అతని పేరు పేపర్లకెక్కింది వేరే సంగతి మీద. తన కోచ్‌కి ఇవ్వాల్సిన డబ్బు లెక్కల మీద.

ఒక కోచ్ జీతం అంత పెద్ద గొడవ ఎందుకైందో తెలియాలంటే, ముందు ఆ కోచ్ రోజంతా ఏం పని చేస్తాడో చూడాలి. మనకి తెలిసిన ఫిజిక్స్‌తోనే మొదలుపెడదాం. పోల్ వాల్ట్ అంటే పరుగులో ఉన్న శక్తిని ఎత్తుగా మార్చడం. టాప్ ప్లేయర్ సెకనుకి 10 మీటర్ల వేగంతో వస్తాడనుకోండి. వేగాన్ని వేగంతో గుణించి, 2 × 9.8 తో భాగిస్తే దాదాపు 5.1 మీటర్లు వస్తుంది. నిలబడ్డప్పుడే మన గురుత్వ కేంద్రం నేలకి సుమారు మీటరు ఎత్తులో ఉంటుంది కాబట్టి మొత్తం 6.1. ఇప్పుడు వేగం 9.5 కి తగ్గించి మళ్ళీ లెక్క వేయండి. అర మీటరు ఎగిరిపోతుంది! ఇంటర్‌లో ఈ లెక్క ఎన్నిసార్లు చేశామో, ఇలాంటిచోట పనికొస్తుందని ఒక్కరూ చెప్పలేదు.

కానీ వేగం ఒక్కటే ఉంటే చాలదు. పోల్ కొస బాక్స్‌లో తగిలే సమయానికి, నేలని తన్నే పాదం పైచేతికి సరిగ్గా కింద ఉండాలి. పాదం జానెడు ముందుకి పడినా పోల్ మనిషిని గుంజేస్తుంది, వేగం అక్కడే చచ్చిపోతుంది. సమస్య ఏంటంటే, ఆ పాదం ఎక్కడ పడిందో దూకేవాడికి కనిపించదు. అతని చూపు పైన ఉంటుంది. అది చూడాల్సింది కోచే. పైగా తప్పు కనిపించేది చివరి అడుగులో, పుట్టేది ఎక్కడో వెనక. అందుకే చాలామంది కోచ్‌లు టేకాఫ్‌కి ఆరు అడుగుల ముందు (ఇక్కడ అడుగంటే స్టెప్) ఒక గుర్తు పెట్టుకుని కాలు అక్కడ పడిందా లేదా అని ప్రతి పరుగులో చూసి రాసుకుంటారు. మన భాషలో చెప్పాలంటే ఎర్రర్ వచ్చిన లైన్ ఒకటి, బగ్ ఉన్న లైన్ ఇంకొకటి. లాగ్ రాసే మనిషి రోజూ పక్కనే లేకపోతే అది దొరకదు.

ఇంకా పోల్స్ సంగతి ఉంది. ఒక్కో ప్లేయర్‌కి ఒక్క పోల్ కాదు, బ్యాగ్ నిండా ఉంటాయి. పొడవు వేరు, గట్టిదనం వేరు. ఈరోజు ఎదురుగాలి ఉందా, కాళ్ళు అలిసిపోయాయా, పరుగు బాగా పడుతోందా, వీటన్నిటినీ బట్టి పోల్ మారాలి. ఎక్కువ గట్టి పోల్ పట్టుకుంటే అది వంగక మనిషిని వెనక్కి తోసేస్తుంది, అంటే మ్యాట్ మీద కాకుండా రన్‌వే మీద పడొచ్చు. "ఈ పోల్ తీసుకో" అని కోచ్ చెప్పిన మాటని నమ్మి ఫుల్ స్పీడ్‌లో పరుగెత్తాలి. ఆ నమ్మకం నెలలు, సంవత్సరాలు కలిసి పని చేస్తే వస్తుంది. సాయంత్రం డ్యూటీ అయ్యాక గ్రౌండ్‌కి వచ్చి ఓ గంట చూసి వెళ్ళే మనిషి, ఎంత మంచివాడైనా, ఇదంతా చేయలేడు.

ఒబియేనా కోచ్ పేరు వితాలీ పెట్రోవ్. ఉక్రెయిన్ మనిషి. సెర్గీ బుబ్కాని తయారుచేసింది ఆయనే. పదిహేనేళ్ళ వయసులో బుబ్కా సొంత ఊరు వదిలి పెట్రోవ్ వెనకాలే దొనెత్స్క్ వెళ్ళాడు. 1983లో, పంతొమ్మిదేళ్ళకి, ప్రపంచ చాంపియన్ అయ్యాడు (నా వయసే, ఇది చదివాక కొంచెం సేపు ఏమీ తోచలేదు). సోవియట్ రోజుల్లో కోచ్ అంటే ప్రభుత్వ జీతం వచ్చే ఉద్యోగం. సోవియట్ యూనియన్ పోయింది, ఆయన విద్య పోలేదు. ఇటలీలో రోమ్‌కీ నేపుల్స్‌కీ మధ్య సముద్రం ఒడ్డున ఫోర్మియా అనే ఊరు ఉంది. అక్కడి ట్రైనింగ్ సెంటర్‌లో పెట్రోవ్ పని చేశాడు. ఇటలీకి 2003లో జిబిలిస్కో ప్రపంచ స్వర్ణం, బ్రెజిల్‌కి 2016లో తియాగో బ్రాజ్ ఒలింపిక్ స్వర్ణం ఆయన శిష్యరికంలోనే వచ్చాయి. మధ్యలో ఇసిన్‌బయేవా కూడా కొన్నేళ్ళు ఆయన దగ్గరే ఉంది. ఒబియేనాకి మొదటి గురువు వాళ్ళ నాన్నే, ఆయన కూడా పోల్ వాల్టరే. ఆ తర్వాత ఈజే ఇల్లు వదిలి ఫోర్మియా చేరాడు.

2021 నవంబర్‌లో ఫిలిప్పీన్స్ అథ్లెటిక్స్ సమాఖ్య అతని మీద ఆరోపణ చేసింది: కోచ్ కోసం ఇచ్చిన డబ్బు సరిగ్గా చెల్లించలేదని, లెక్కలు సరిగ్గా చూపలేదని. అతను కాదన్నాడు. గొడవ నెలలు సాగింది. సమాఖ్య పేరు పంపకపోవడంతో 2022 మార్చిలో బెల్‌గ్రేడ్ ప్రపంచ ఇండోర్ పోటీలు పోయాయి. తర్వాత రాజీ కుదిరింది. ఆ జూలైలో యూజీన్‌లో 5.94 దూకి ప్రపంచ పోటీల కాంస్యం గెలిచాడు.

ఎవరిది తప్పు అని తేల్చడం నా పని కాదు. నన్ను ఆపింది ఇంకో విషయం. కోచ్ డబ్బు ప్లేయర్ చేతుల మీదుగా వెళ్ళడం అనే ఏర్పాటే నాకు వింతగా అనిపించింది. పొద్దున రన్‌వే మీద "నువ్వు ఇది తప్పు చేస్తున్నావ్" అని తిట్టాల్సిన మనిషికి, నెలాఖరున ఆ తిట్లు తిన్నవాడే జీతం పంపాలి. రసీదులు దాచుకోవాలి, యూరోలు లెక్క చూసుకోవాలి. మన ప్రొఫెసర్ల జీతం మనమే నెలనెలా ట్రాన్స్‌ఫర్ చేసి, దానికి ఆడిట్ కూడా మనమే కట్టుకోవాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

"డుప్లాంటిస్‌కి అమ్మానాన్నే కోచ్‌లు కదా, 6.30 దూకాడు కదా" అని మా ఫ్రెండ్ వాదించాడు. నిజమే. కానీ వాళ్ళ నాన్న గ్రెగ్ తన రోజుల్లో 5.80 దూకిన ప్లేయర్, అమ్మ హెలెనా హెప్టాథ్లెట్. లూసియానాలో వాళ్ళ ఇంటి పెరట్లోనే రన్‌వే, మ్యాట్ ఉండేవి. అంటే పిల్లవాడికి ఇద్దరు ఫుల్‌టైమ్ కోచ్‌లు పుట్టినప్పటి నుంచీ ఇంట్లోనే ఉన్నారు, జీతం లేకుండా. అది అదృష్టం. దాన్ని చూపించి మిగతా దేశాలకి పాలసీ రాయలేం.

మన దేశం సంగతి ఒక్క ముక్కలో: 2025 ఫిబ్రవరి నేషనల్ గేమ్స్‌లో దేవ్ మీనా 5.32 దూకి జాతీయ రికార్డు కొట్టాడు. అప్పటికి ఒబియేనా ఎత్తుకి 68 సెంటీమీటర్లు తక్కువ.

జీతం నేరుగా సంస్థే ఇస్తే ఏమవుతుందో చూడాలంటే ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి వెళ్ళాలి. 1990లలో అలెక్స్ పార్నోవ్ అనే రష్యన్ కోచ్ ఆస్ట్రేలియా వచ్చాడు. తర్వాత పెర్త్‌లోని వెస్టర్న్ ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ ఆయనకి ఉద్యోగం ఇచ్చింది. ఆయన దగ్గర తయారైన స్టీవ్ హుకర్ 2008 బీజింగ్‌లో 5.96 తో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. ఇంకో శిష్యుడు పాల్ బర్జెస్ 2005లో ఆరు మీటర్లు దూకాడు. దూకడం ఆపాక బర్జెస్ అదే ఊళ్ళో కోచ్ అయ్యాడు. 2024 పారిస్‌లో 4.90 దూకి స్వర్ణం గెలిచిన నినా కెనడీ ఆయన శిష్యురాలే.